అన్నం డబ్బాలో దుర్భిణి

అమీర్‌పేట మెట్రో స్టేషన్లో రైలు మారేవాళ్ళు నడవరు, గట్టు తెగిన కాలవలా దొర్లుతారు. ఆ దొర్లుడులో ఒకాయన స్తంభానికి వీపు ఆనించి, చిన్న కెమెరా కంటికి పెట్టుకుని, ఎదురుగా పైకెక్కడో చూస్తున్నాడు. భుజాన అన్నం సంచి, మెడలో కంపెనీ బిళ్ళ, ఇస్త్రీ చొక్కా. నాలా రైళ్ళలోనూ సత్రాల్లోనూ సగం బతుకు గడిపినవాడికి పక్క మనిషిని పలకరించకపోతే తిన్నది అరగదు.

"అక్కడ ఏ పిట్ట వాలిందండీ?" అన్నాను.

"పిట్ట కాదండి, బోర్డు."

"బోర్డుకి ఫొటో ఎందుకు?"

"ఫొటో తియ్యట్లేదండి. చదువుకుంటున్నాను."

నవ్వాను. ఆయన నవ్వలేదు. నాకేసి చూడకుండా నా చెవి పక్కగా ఎవరినో చూస్తున్నట్టు నిలబడ్డాడు. పొగరనుకున్నాను. ఆ చూపు సంగతి ఆ తర్వాత తెలిసింది.

ఆయన పేరు ఉదయ్ భాస్కర్. నర్సాపురం వైపు మనిషి. మా మూసాపేటలోనే, నేను అద్దెకుండే గదికి రెండు వీధుల అవతల భార్య కిరణ్మయితో ఉంటాడు. ఆవిడ చిన్న ప్రభుత్వాఫీసులో పని చేస్తుంది. ఆయన హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ పరీక్షకుడు. అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాము తెర మీద నడుస్తుంటే కళ్ళు పెట్టి చూసి, ఇదిగో ఇక్కడ అంకె తప్పింది, అక్కడ బొత్తాం పక్కకి జరిగింది అని తప్పులు పట్టే పని. ఆ జట్టుకి పెద్ద. ఆయన సరేనని సంతకం పెడితేనే సరుకు విదేశీ కంపెనీకి వెళుతుంది.

అలాంటి మనిషికి నడిమి చూపు పోతోంది.

కంటి జబ్బుల్లో ఇదొక విడ్డూరం. దానికి వందేళ్ళ కిందటి జర్మన్ డాక్టరెవరిదో పేరుంది. మందు మాత్రం లేదు. చుట్టుపక్కలంతా కనిపిస్తుంది, సరిగ్గా చూడబోయిన చోటే కనిపించదు. పలక మీద రాసిన అక్షరాన్ని తడి బొటనవేలితో రుద్దినట్టు మధ్యలో మసక. మెట్లు దిగుతాడు, రోడ్డు దాటుతాడు, ఎవరికీ అనుమానం రాదు. కానీ భార్య ఎదురుగా కూర్చుంటే ఆవిడ జడ, చెవి దిద్దులు, భుజం కనిపిస్తాయి, మొహం కనిపించదు. పక్కచూపుతో కాస్త దొరకబుచ్చుకుంటాడు. జనం దాన్ని పొగరనుకుంటారు. నేనూ అనుకున్నాను కదా.

అక్షరాన్ని గుమ్మడికాయంత చేసి చూపిస్తే ఆ మసక దాటి చదవగలడు. తన బల్ల మీది కంప్యూటర్లో ఎలాగో పెద్దవి చేసుకుని నెట్టుకొస్తున్నాడు. వీధిలో, స్టేషన్లో దూరపు వాటికే ఈ కెమెరా. దాని గొట్టాన్ని ముందుకు సాచి, అల్లంత దూరపు బోర్డుని తెచ్చి అరచేతిలో పెడుతుంది.

మా చిన్నప్పుడు దీన్నే దుర్భిణి అనేవాళ్ళం. దూరం చూసేది అని పారశీకంలో అర్థం. ఉర్దూ మీదుగా మన నోటికొచ్చి తెలుగైపోయింది. ఒకప్పుడు తీరం వెంబడి తిరుగుతూ ఒక దీపస్తంభం దగ్గర నాలుగు రోజులు మకాం వేశాను. అక్కడి కాపలాదారుకి సముద్రం మీద పడవలు చూడమని సర్కారువారు దుర్భిణి ఇచ్చారు. ఆయన దాన్ని ఊరివైపు తిప్పి, కయ్య నీళ్ళ అవతల తన పెరట్లో బట్టలారేసే పెళ్ళాన్ని చూసుకునేవాడు. "పడవలు వాటంతటవే వస్తాయి బాబూ" అనేవాడు. మనిషి చూపు కోసం పడే పాట్లన్నీ చివరికి కావలసిన ఒకటి రెండు మొహాల కోసమేనేమో. ఉదయ్‌కి ఆ ఒకటి రెండు మొహాలు కూడా చెదిరిపోతున్నాయి.

"ఆఫీసులో చెప్పెయ్యరాదూ?" అని ఒక ఆదివారం వాళ్ళింట్లో కాఫీ తాగుతూ అడిగాను.

"చూసి తప్పు పట్టడం నా ఉద్యోగమండి. చూడలేనివాడు తప్పేం పడతాడు?"

"కంపెనీవాళ్ళు మరీ అంత రాక్షసులా?"

"రాక్షసులు కారండి. చాలా మంచివాళ్ళు. పక్క ప్రాజెక్టులో ఒకతను నడుం నొప్పి అన్నాడు. పాపం విశ్రాంతి తీసుకోమని పని తీసేసి బెంచి మీద కూర్చోబెట్టారు. ఆ బెంచి మీంచి లేచినవాడు మళ్ళీ లోపలికి వచ్చింది మేం చూళ్ళేదు."

లోపల్నుంచి కిరణ్మయి అంది, "ఈయనకి ఉద్యోగం పోతుందని కాదండీ భయం. ఈయన ఉద్యోగమే ఈయన. అది పోతే మిగిలేది నేనూ, ఈ కాఫీ గ్లాసులూ."

ఆవిడ హాస్యంగానే అంది. ఎవరం నవ్వలేదు.

చిక్కంతా కొత్త తెరతో వచ్చింది. ఆఫీసులో క్లయింటు పని జరిగే గదులు వేరే ఉంటాయి. వాటిలోకి కెమెరా పోకూడదు. చేతి ఫోనుకున్న కెమెరా కంటికి కూడా గుమ్మం దగ్గర సెక్యూరిటీవాళ్ళు గుండ్రటి స్టిక్కరు అంటించి పంపిస్తారు. ఆ గదుల్లో ఒకదాన్లో గోడంత తెర పెట్టారు. ఇకమీదట వారం వారం క్లయింటు మనుషుల ముందు ఆ తెర మీదే కొత్త సరుకు నడిపిస్తారు, టెస్టింగ్ పెద్ద కూర్చున్న చోటునుంచే తప్పులు చెప్పాలి. మేనేజరు రంగనాథ్ ఆ మాట చెప్పిన రోజు ఉదయ్ ఇంటికొచ్చి అన్నం తినలేదట.

అప్పుడు పుట్టింది, కెమెరాని లోపలికి తీసుకెళ్ళే ఆలోచన.

కిరణ్మయి తమ్ముడు రోహిత్ పెళ్ళిళ్ళకి ఫొటోలు తీస్తాడు. వాడి దగ్గర మిర్రర్‌లెస్ కెమెరా ఉంది, బొమ్మ పట్టే సెన్సరు పెద్దగా ఉండి, లెన్సులు మార్చుకునే రకం. దాన్ని పట్టుకొచ్చి, బావగారి బుల్లి కెమెరా పక్కన బల్ల మీద పెట్టాడు. గండుపిల్లి పక్కన ఎలుకపిల్లలా ఉంది చిన్నది.

"బావా, ఈ సబ్బుపెట్టె పారేసి నా దాన్ని వాడు. బొమ్మ అంటే ఇది" అన్నాడు.

"బొమ్మలు కాదురా నాకు కావలసింది. అక్షరాలు."

పరీక్షకుడు కదా, ఏదీ ఊరికే నమ్మడు. మిట్టమధ్యాహ్నం బాల్కనీలో నిలబడి, వీధి అవతల అపార్టుమెంటు డాబా మీదికి భార్యని పంపాడు. ఆవిడ క్యాలెండరు కాగితాలు ఒకటొకటే ఎత్తి పట్టుకోవాలి. నేను వరండాలో కుర్చీ వేసుకున్నాను. ఎండలో నిలబడ్డ ఆవిడని చూసి కింద కూరలమ్మే ఆవిడ కేకేసింది. "ఏందమ్మా, మొగుడు పైకెక్కించి శిక్ష ఏసిండా?"

రోహిత్ కెమెరాలో బొమ్మ స్ఫటికంలా ఉంది. కిరణ్మయి చీర అంచు, వెనక నీళ్ళ ట్యాంకు మీద తుప్పు, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. ఏకాదశి ఎప్పుడో మాత్రం ఉదయ్ చదవలేకపోయాడు. అక్షరం చీమ తలకాయంతే. చిన్నది సర్రున సాగి, కాగితాన్ని తెచ్చి మొహాన కొట్టింది. ఏకాదశి, పక్కన రాహుకాలం, అచ్చువేసినవాడి చిరునామా కూడా చదివేశాడు.

"నాదానికీ దూరపు లెన్సు తగిలిస్తే చదువుతుంది. కాకపోతే రోకలిబండంత ఉంటుంది" అన్నాడు రోహిత్.

"రోకలిబండ ఆఫీసులోకి ఎలా తీసుకెళ్ళనురా?"

"నిజమే. పెద్ద సెన్సరుకి పెద్ద గొట్టమే కావాలి. చిన్నదానికి గోటి మీద పట్టేంత సెన్సరు, అందుకే జేబులోంచే ఊరవతల చూస్తుంది. కానీ బావా, చిన్నదానికి చూపు ఎక్కువ, గుండె తక్కువ. వెలుతురు తగ్గిందంటే గాభరా పడిపోద్ది. నాది దీపం వెలుగులో తాళి కట్టడం కూడా తీసెయ్యగలదు."

డాబా దిగి వచ్చిన కిరణ్మయి చెమట తుడుచుకుంటూ, "అయితే ఓసారి గదిలో లైటార్పి కూడా చూడండి" అంది.

"ఎందుకు? ఆఫీసులో లైట్లు ఎప్పుడూ ఆర్పరు. పగలూ రాత్రీ ఒకటే వెలుతురు" అన్నాడు ఉదయ్. చిన్నదాని పేరు పక్కన 'పాస్' అని రాసుకున్నాడు. ఆ పనిలో ఉన్నవాళ్ళే చేసే తప్పిది. ఉన్న పరిస్థితి రాసుకుని, దానికి సరిపోతే చాలునని ముద్ర వేస్తారు. లోకం రాసుకున్నట్టు ఉండదని వాళ్ళకి తెలుసు, ఆ తెలిసినందుకే వాళ్ళకి జీతం. సొంత విషయంలో ఆ తెలివి పనికి రాలేదు.

కెమెరా ఎలా దాటిందంటే, అన్నం డబ్బాలో. నాలుగు గిన్నెల క్యారియరు. అడుగు గిన్నె ఖాళీ చేసి, గుడ్డలో చుట్టి అందులో పెట్టాడు. పైన పప్పు, వేపుడు, పెరుగన్నం. గుమ్మం దగ్గరుండే గార్డు ఆంజనేయులు మెదక్ వైపు మనిషి. సంచులన్నీ తడిమి చూస్తాడు, పర్సులు తెరిపిస్తాడు. అన్నం డబ్బా మాత్రం తెరవడు.

"ఇగ పోండ్రి సార్. మంది తినే అన్నం మీద నా చెయ్యి ఎందుకు?" అనేవాడు. "ఏం కూర సార్ ఇయ్యాల?"

"బెండకాయ వేపుడు ఆంజనేయులు గారూ."

"మా ఇంట్లగూడ గదే. బెండకాయ దప్ప ఇంకోటి పండుతలేనట్టుంది దేశంల."

రోజూ ఆ రెండు మాటలు. ఆ మాటలు ఆడుతూ ఆయన ముందునుంచి కెమెరా పట్టుకుపోతుంటే ఉదయ్‌కి తప్పు చేస్తున్నట్టుండేదట. అయినా పట్టుకుపోయాడు.

మొదటి రెండు సమావేశాలు గట్టెక్కాయి. ఆఖరి వరసలో గోడకి ఆనుకుని కూర్చుని, ఎత్తిపట్టిన ఫైలు చాటున కెమెరా తెరలోకి చూసి తప్పులు చెప్పాడు. "ఏమబ్బా, డేగకండ్లు పెట్టించుకున్నావా?" అని రంగనాథ్ అందరి ముందూ మెచ్చుకున్నాడు. కడప జిల్లా మనిషి, నోరు పెద్దది. పని చెడితే "గుడ్డెద్దు చేలో పడినట్టు టెస్టింగ్ చేసినారు" అని తిడతాడు. ఆ సామెత వచ్చినప్పుడల్లా ఉదయ్ కాగితాలు సర్దుకునేవాడు.

మూడోసారి క్లయింటు పెద్ద ఒకాయన స్వయంగా వచ్చాడు. తెల్లచొక్కా వేసుకుని తెర పక్కన నిలబడ్డాడు. రంగులు సరిగ్గా కనపడాలి, లైట్లార్పండి అన్నాడు. ఎవరో మీట నొక్కారు.

చీకట్లో ఉదయ్ కళ్ళు మామూలుకన్నా మొండికేస్తాయి. తెర ఒక తెల్లటి మబ్బులా ఉంది. రంగనాథ్ గొంతు వినపడింది, "ఉదయ్, మొదలుపెట్టు." ఫైలు చాటున కెమెరా ఎత్తి గొట్టం సాచాడు. లోపలంతా ఇసక పోసినట్టు చుక్కలు. అక్షరమేదో గీతేదో తెలియలేదు. గొట్టం ముందుకీ వెనక్కీ కొట్టుకుంటోంది, కీచుకీచుమని చప్పుడు. చిత్రం కుదుర్చుకొమ్మని బొత్తాం సగం నొక్కాడు. చీకట్లో దారి వెతుక్కోవడానికి ఆ చిన్న కెమెరాకి ముందువైపు ఒక బుల్లి దీపముంది. ఎండలో అది ఎన్నడూ వెలగలేదు, ఉందని ఆయనకి తెలియదు. ఇప్పుడు వెలిగింది. నారింజరంగు వెలుగు ఫైలు అంచు మీదుగా గది దాటి వెళ్ళి, తెల్లచొక్కా గుండెల మీద పడింది.

గదంతా వెనక్కి తిరిగింది.

ఆ పగలే ఒక చిన్న గదిలో విచారణ. రంగనాథ్, సిబ్బంది వ్యవహారాలు చూసే అఖిల, భద్రతాధికారి. కెమెరా బల్ల మీద. అందులోని కార్డు తీసి చూశారు. ఒక్క బొమ్మ లేదు. ఆయన ఏనాడూ ఫొటో తియ్యలేదు, చూసుకున్నాడంతే. ఆ శూన్యమే మీదికొచ్చింది.

"తుడిచేశావు" అన్నాడు భద్రతాధికారి.

"లేదండి."

"మరి కెమెరా దాచి తెచ్చి ఏం చేస్తున్నావు?"

దీనికి జవాబుంది. చెబితే దొంగ కాడు, గుడ్డివాడు. చెప్పకపోతే గుడ్డివాడు కాడు, దొంగ. దొంగగా ఉండటమే నయమనుకున్నాడు ఉదయ్.

రంగనాథ్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "చూడు ఉదయ్, ఇన్నేండ్ల మనిషివి. పోలీసుల దాకా పోనియ్యను. రాజీనామా ఇచ్చి మర్యాదగా వెళ్ళిపో. కారణం ఎవరూ రాయరు. ఇంకో కంపెనీలో చేరినా మేము చెడు చెప్పం."

 ఉదయ్ ఇచ్చేసేవాడేనట ఆ రాజీనామా. కన్ను సంగతి దాగుతుంది, ఇంకోచోట ఇంకొన్నాళ్ళు నడుస్తుంది. కలం కూడా అందుకున్నాడు. ఇంతలో ఆంజనేయుల్ని పిలిపించారు.

"లోపలికి ఎట్లా వచ్చిందయ్యా ఇది? నీకెంత ముట్టింది?" అన్నాడు భద్రతాధికారి.

"అన్నం డబ్బ సార్. అన్నం డబ్బ నేను తెరవను. నాకు తెల్వది సార్."

"తెలియకుండా రోజూ ఈయన సంచి ఒక్కటే వదిలేశావా?"

"అందరివి గట్లనే ఇడుస్త సార్. ఉదయ్ సార్, జర చెప్పుండ్రి. నాకు తెల్వదని జర చెప్పుండ్రి."

ఆ మొహం ఎలా ఉందో ఉదయ్‌కి కనపడదు. ఖాకీ చొక్కా, టోపీ అంచు, మధ్యలో మసక. గొంతు ఒక్కటే. కలం కింద పెట్టాడు.

"రంగనాథ్ గారూ, ఆ గోడనున్న బోర్డు మీద ఏదైనా రాయండి. నాకు తెలియనిది."

రంగనాథ్ లేచి రాశాడు. ఉదయ్ చూశాడు, పక్కగా చూశాడు, తల అడ్డంగా ఊపాడు. కెమెరా ఇమ్మన్నాడు. భద్రతాధికారి ఇవ్వనన్నాడు. అఖిలే తీసి చేతిలో పెట్టింది. గదిలో లైట్లు ధగధగా వెలుగుతున్నాయి. చిన్న కెమెరా ఏ గాభరా లేకుండా అక్షరాల్ని తెచ్చి ముందు పెట్టింది. 'ఎన్నాళ్ళ నుంచి?' అని ఉంది.

"మూడేళ్ళ నుంచండి" అన్నాడు ఉదయ్.

 రంగనాథ్ అన్నాడు, "మూడేండ్లుగా నువ్వు సంతకం పెట్టిన సరుకంతా బయట నడుస్తాంది కదబ్బా. అది ఎవరు చూసినట్టు ఇప్పుడు?"

దొంగతనం మాట అక్కడితో పోయింది. దానికంటే పెద్దది వచ్చి కూర్చుంది. పాత పనంతా తిరగదోడుతామన్నారు, అందాకా ఇంట్లో ఉండమన్నారు, కబురు చేస్తామన్నారు. కెమెరా సాక్ష్యం కింద సీలు వేసి ఉంచుకున్నారు. ఆ సాయంత్రం అమీర్‌పేటలో ఏ రైలెక్కాలో తెలియక, పక్కనున్నవాళ్ళని అడిగి అడిగి ఇంటికొచ్చాడు. ఒకరు "బోర్డుందిగా, చదువుకున్నోడివేగా" అన్నారట.

నేను వెళ్ళేసరికి కిరణ్మయి ఆ క్యారియరు గిన్నెలు తోముతోంది.

"చెప్పేశారటండీ" అంది నాతో. "ఎన్నిసార్లు మొత్తుకున్నాను చెప్పమని. చెప్పేస్తే గుండె తేలికవుతుందనుకున్నాను." గిన్నె పక్కన పెట్టింది. "ఇప్పుడేం చెయ్యాలండీ? ఫోను మోగితే భయం, మోగకపోతే భయం. రాత్రి నిద్దట్లో నా మొహం తడిమి చూస్తున్నారు."

రోహిత్ తన పెద్ద కెమెరా తెచ్చి ఇంట్లో పెట్టి వెళ్ళాడు. ఉదయ్ దాన్ని ఒకసారి ఎత్తి భార్యని చూశాడు. దగ్గరి మొహం, తక్కువ వెలుతురు. చూస్తూ ఉండిపోయాడు, ఆవిడ పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఆ మర్నాడు తిరిగి ఇచ్చేశాడు. "వాడి బతుకు తెరువది. నా దగ్గరెందుకు?" అన్నాడు.

రెండు వారాలైనా కబురు రాలేదు. ఆంజనేయుల్ని మాత్రం ఆ గుమ్మం నుంచి తీసేశారని తెలిసింది. తప్పు లేదని తేలినా, తనిఖీ సరిగా చెయ్యలేదని గార్డుల్ని పంపే ఏజెన్సీ జీడిమెట్లలో ఒక రసాయనాల ఫ్యాక్టరీ గేటుకి మార్చింది. చల్లటి అద్దాల గుమ్మం నుంచి ఘాటు వాసనలోకి. ఉదయ్ ఆయన్ని చూడాలన్నాడు. తోడుగా నేను వెళ్ళాను.

జీడిమెట్లలో గాలి గొంతులో గీసుకుంటుంది. గేటు దగ్గర ముగ్గురు గార్డులున్నారు, ఒకటే చొక్కా, ఒకటే టోపీ, మూతికి గుడ్డ. ఉదయ్ నన్ను ఆగమని, తానే ముందుకెళ్ళి మొదటి మనిషి ముందు నిలబడ్డాడు. అలవాటుగా ఆయన చెవి పక్కకి చూస్తూ అడిగాడు.

"ఆంజనేయులు గారు ఉన్నారాండీ?"

ఆ మనిషి జేబు మీద పేరు కుట్టి ఉంది. నేను చదవగలను. ఆంజనేయులు. ఆయన ఉదయ్ కళ్ళలోకి చాలాసేపు చూశాడు. తర్వాత వెనకున్న నాకేసి చూశాడు. నేను నోరు తెరవబోయాను. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"లేడు సార్. ఊరికి పోయిండు" అన్నాడు.



"వస్తే చెప్పండి, ఉదయ్ భాస్కర్ వచ్చాడని. క్షమించమన్నాడని."

"చెప్త."

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం ఆటో ఎక్కాం. చింతల్ దాటాక నేనే ఆగలేకపోయాను. "ఉదయ్ గారూ, ఆ మనిషి..."

"తెలుసండి. గొంతు గుర్తుపట్టాను." చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని, నా చెవి పక్కగా ఎటో చూస్తూ అన్నాడు, "లేనన్నాడు కదండీ. లేడనే అనుకోవాలి."